శాలువా కంటే ముందు చీకటి: వీడియో కళాకారిణికి సన్మానం, పిల్లల చదువుకి నిధి ఎలా జరపాలి

"టీచర్, శాలువా వద్దు. గది చీకటి చేయించండి, చాలు."

రెండోసారి సన్మానానికి రమ్మని ఫోన్ చేసినప్పుడు మా అమ్మాయి అడిగింది అదొక్కటే. మా అమ్మాయి అంటే నా కడుపున పుట్టిన పిల్ల కాదు. పలాస దగ్గర ఉద్దానంలోని ఒక పల్లె నుంచి వచ్చి, విజయనగరంలో పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటూ, అంబటి సత్రం వైపు మేం సాయంత్రాలు నడిపే చిన్న డ్రాయింగు బడిలో నాలుగేళ్ళు బొమ్మలు నేర్చుకుంది. తర్వాత ఫైన్ ఆర్ట్స్ చదివి వీడియో కళాకారిణి అయింది. మా బడికి ఏటా ఒక పని ఉంది: పదో తరగతీ, ఇంటరూ అయిన పిల్లల్లో ఇద్దరు ముగ్గుర్ని బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదువుకి పంపడానికి డబ్బు పోగు చెయ్యడం. ఆ సభలోనే మా దగ్గర నేర్చుకుని పైకొచ్చిన ఒకరిని సన్మానిస్తాం. పద్యాలకీ, పాటకీ, నాటకానికీ సభ ఎలా చెయ్యాలో మన ఊళ్ళో అందరికీ తెలుసు. వీడియో కళకి ఎలా చెయ్యాలో మాకు తెలియలేదు. పొరపాటు చేశాక నేర్చుకున్నాం. మరో ఊళ్ళో మరో బడి ఆ పొరపాటు చెయ్యకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మొదటిసారి ఏం జరిగిందో ముందు చెప్పాలి. వాళ్ళమ్మ జీడిపిక్కలు కొట్టే పని చేస్తుంది. ఈ అమ్మాయి తీసిన వీడియో 21 నిమిషాలు. కెమెరా కదలదు. వాళ్ళమ్మ రెండు చేతులూ, ముందు ఒక రాయి, పక్కన చేట. చిన్న కర్రతో పిక్క మీద ఒక దెబ్బ, వేలితో పప్పు తీసి చేటలో వెయ్యడం, మళ్ళీ పిక్క. జీడి తగిలి వేళ్ళ కొసలు నల్లగా అయిపోయి ఉంటాయి. కుడిచేతి బొటనవేలి గోటి పక్కన తోలు లేచి ఉంటుంది. మధ్య మధ్యలో ఆవిడ బూడిదలో వేళ్ళు అద్దుకుంటుంది. 9వ నిమిషంలో కరెంటు పోతుంది. తెర మొత్తం నలుపు. 40 సెకన్ల పాటు ఏమీ కనపడదు, చప్పుడొక్కటే: టక్, టక్. చేతులు ఆగలేదని మన చెవులకే తెలుస్తుంది. ఆ తర్వాత ఎవరో సెల్‌ఫోను లైటు తెచ్చి పెడతారు, అవే చేతులు తెల్లటి వెలుగులో మళ్ళీ కనిపిస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో జీడితోటల్నీ కొబ్బరిచెట్లనీ కూల్చేసిన తర్వాత తీసింది అది. తుపాను మాట వీడియోలో ఎక్కడా రాదు.

ఆ వీడియోని మేం పగలు పదకొండు గంటలకి, కిటికీలు తెరిచిన హాల్లో, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే ప్రొజెక్టరు మీద వేశాం. చేతులు బూడిదరంగు మరకల్లా కనపడ్డాయి. 9వ నిమిషం వచ్చింది, తెర నల్లబడింది. ప్రొజెక్టరు చెడిపోయిందనుకుని ఎవరో ట్యూబులైట్లు వేశారు. వెనకనుంచి ఈలలు. ముఖ్య అతిథి లేచారు, వేరే ఊరెళ్ళాలన్నారు, ఇంక శాలువాలు తెచ్చేశారు. మిగతా 12 నిమిషాలూ ఎవరూ చూడలేదు. కార్యదర్శిని నేనే. "ఆపండి, వీడియో అవనివ్వండి" అని మైకులో ఒక్క మాట అనాల్సింది నేను, అనలేదు. మా అమ్మాయి శాలువా కప్పుకుని, నా కాళ్ళకి దణ్ణం పెట్టి, ఏమీ అనకుండా ఆ సాయంత్రం బస్సే ఎక్కేసింది. ఆ రోజు వచ్చిన విరాళాలు ఒక పిల్లవాడి హాస్టలు ఫీజుకి కూడా సరిపోలేదు. పనిని చూడనిస్తేనే చూసినవాళ్ళు ఇస్తారని నాకు అప్పుడు అర్థమైంది.

ఏ రోజు, ఏ వేళ

రోజు ఎంచుకోవడం దగ్గరే సగం పని ఉంది. విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, పూజారి కూర్చున్న పొడవాటి మానుని ఊరేగించే జాతర. ఆ ముందూ వెనకా ఊళ్ళో మరో సభ పెట్టుకోకండి, మనుషులు దొరకరు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. వేసవిలో నాలుగు వైపులా మూసిన గదిలో 80 మంది కూర్చోలేరు. సంక్రాంతి అయ్యాక, ఇంటరు పరీక్షలు మొదలవకముందు, జనవరి ఆఖరు గానీ ఫిబ్రవరి మొదటి వారం గానీ మాకు కుదిరింది. శ్రీకాకుళం వాళ్ళయితే రథసప్తమి ఎప్పుడో చూసుకోండి, ఆ రోజు ఊరంతా అరసవల్లిలోనే ఉంటుంది. ముహూర్తాలున్న రోజుల్లో టెంటు హౌసు వాళ్ళూ, సౌండు వాళ్ళూ దొరకరు, దొరికినా మనసు ఇటు పెట్టరు.

వేళ మాత్రం పొద్దుగుంకాకే. జనవరిలో ఆరింటికల్లా మసక పడుతుంది. మేం ఆరున్నరకి తలుపులు మూస్తామని ఆహ్వానపత్రికలో పెద్ద అక్షరాల్లో వేశాం.

చీకటి చెయ్యడం

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. ప్రొజెక్టరు నలుపుని వెయ్యలేదు. అది వెయ్యగలిగింది వెలుగొక్కటే. వీడియోలో నలుపున్న చోట అది వెలుగు వెయ్యకుండా ఊరుకుంటుంది, అంతే. అప్పుడు తెర మీద మనకి కనపడేది గదిలో ఉన్న వెలుతురు. కిటికీ సందులోంచి ఎంత వెలుతురొస్తే మీ నలుపు అంత తెల్లబడుతుంది. ఎంత ఖరీదైన ప్రొజెక్టరు తెచ్చినా ఇది మారదు. అందుకని డబ్బు ప్రొజెక్టరు మీద పెట్టే ముందు పరదాల మీద పెట్టండి.

పరీక్ష సాయంత్రం కాకుండా మిట్టమధ్యాహ్నం చెయ్యాలి. అన్నీ మూసి, లోపల నిలబడి, ఐదు నిమిషాలు కళ్ళు అలవాటు పడేదాకా ఆగండి. అప్పుడు సందులన్నీ వాటంతట అవే బయటపడతాయి: వెంటిలేటర్లు, పెంకుల మధ్య ఖాళీ, తలుపు కింద సందు, విరిగిన కిటికీ రెక్క. ప్రతి సందు దగ్గరా సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. మా పిల్లలు 17 గుర్తులు పెట్టారు. టెంటు హౌసులో నల్లగుడ్డ అద్దెకి దొరుకుతుంది, ఒక వరస చాలదు, రెండు వరసలు కట్టాలి. గాలి ఆడడానికి బయటి గుడ్డ కింద జానెడు వదిలి, లోపలి గుడ్డ పైన జానెడు వదిలితే గాలి వస్తుంది, వెలుతురు నేరుగా రాదు. తలుపు కింద పాత నూలు చీర చుట్టి పెట్టాం. తలుపులకి మాత్రం గొళ్ళెం వెయ్యకండి. ప్రతి తలుపు దగ్గరా టార్చిలైటుతో ఒక పెద్దపిల్లని నిలబెట్టండి, నడిచే దారి వెంబడి నేల మీద తెల్ల టేపు అతికించండి. చీకట్లో ముసలివాళ్ళు ఎవరైనా లేవాల్సొస్తే తడుముకోకూడదు.

ఇక చిన్నచిన్న దీపాలు. ఇన్వర్టరు మీద పచ్చలైటు, ఆంప్లిఫయరు మీద ఎర్రలైటు, గోడ మీద స్విచ్చుబోర్డులో ఇండికేటరు. పగలు వీటిని ఎవరూ పట్టించుకోరు. 40 సెకన్ల నల్లతెర ముందు అవి పిల్లి కళ్ళలా మెరుస్తాయి. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలతో అన్నిటినీ మూసెయ్యండి. సెల్‌ఫోన్లు అంతకంటే పెద్ద బాధ. మేం గుమ్మం దగ్గర పిల్లల చేత గుడ్డసంచులు ఇప్పించి, "అమ్మా, అరగంట ఇందులో పెట్టండి, సంచి మీ ఒళ్ళోనే ఉంచుకోండి" అని అడిగించాం. లాక్కుంటే కోపం వస్తుంది, ఒళ్ళోనే ఉంచుకోమంటే ఎవరూ కాదనలేదు.

తెర కొనక్కర్లేదు. మన పాత బళ్ళ గోడలకి సున్నం వేస్తే అంతకి మించిన తెర లేదు, మెరుపు ఉండదు, ఏ పక్కన కూర్చున్నా ఒకేలా కనపడుతుంది. గోడ గతుకులుగా ఉంటే తెల్ల గాడాగుడ్డని తడిపి, వెదురు చట్రానికి బిగించి ఆరబెట్టండి. బొమ్మ కింది అంచు నేలకి 4 అడుగుల పైన ఉండాలి, లేకపోతే ముందు వరస తలలు అడ్డం వస్తాయి. ముందు చాపలేసి పిల్లల్ని కూర్చోబెట్టి, కుర్చీలు వెనక వేస్తే ఇంకా మంచిది.

ప్రొజెక్టరు ఎంత దూరంలో పెట్టాలో ముందే లెక్కేసుకోవచ్చు. దాని కాగితాల్లో త్రో రేషియో అని ఉంటుంది, అంటే బొమ్మ వెడల్పుకి దూరం ఎన్ని రెట్లుండాలో. అది 1.5 అయితే, 10 అడుగుల వెడల్పు బొమ్మకి 15 అడుగుల దూరం కావాలి. 16:9 (వెడల్పు 16 పాళ్ళయితే ఎత్తు 9) వీడియో 10 అడుగుల వెడల్పుంటే ఎత్తు 5 అడుగుల 7 అంగుళాల పైన వస్తుంది. పాత వీడియోలు 4:3లో ఉంటాయి. వాటి పక్కన నల్ల ఖాళీలు మిగిలితే మిగలనివ్వండి. తెర నిండాలని సాగదీస్తే మనుషులు లావైపోతారు, కళాకారిణి మనసు చివుక్కుమంటుంది. ల్యాప్‌టాప్‌లో నిద్రపోయే సెట్టింగూ, మెసేజీల గంటలూ, అప్‌డేట్లూ ఆపెయ్యండి, నెట్టు తీసెయ్యండి. వీడియో నెట్టు మీంచి వెయ్యొద్దు, ఫైలు ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి.

కరెంటు గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. జనరేటరు ఉన్నా అది అందుకునేలోపు ప్రొజెక్టరు ఆగిపోతుంది. బల్బున్న ప్రొజెక్టరైతే వేడి మీద ఫ్యాను ఆగి బల్బు దెబ్బతింటుంది. ప్రొజెక్టరుకీ ల్యాప్‌టాప్‌కీ ఒక యూపీఎస్ పెట్టుకోండి, ఆ కొద్ది నిమిషాలూ అది కాస్తుంది.

శబ్దం విషయంలో ఒకటే మాట. పెళ్ళిళ్ళ డీజే బాక్సులొద్దు, హారన్లు అసలే వద్దు. మామూలు స్పీకర్లు రెండు, తెరకి చెరో పక్కన, కూర్చున్నవాళ్ళ చెవుల ఎత్తులో ఉంటే చాలు. ఉత్త గోడల హాల్లో చప్పుడు తిరిగి కొడుతుంది. వెనకగోడకి గోనెలు వేలాడదీశాం. నెల్లిమర్ల జూట్ మిల్లున్న జిల్లా మనది, గోనెలకేం కొదవ. అవి కట్టాక "టక్" అన్న దెబ్బ ఎండు పిక్క పగిలినట్టే వినపడింది. ఫ్యాన్లు ముందు అరగంట తిప్పి, వీడియో మొదలవగానే ఆపేశాం.

ఆఖరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఆపరేటరు కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వీడియో మొదటినుంచి చివరిదాకా చూపించండి. తర్వాత ఒక కాగితం రాసి ఇవ్వండి. మా కాగితంలో ఇలా రాశాం: "9వ నిమిషంలో తెర నల్లగా అవుతుంది. 40 సెకన్లు అలాగే ఉంటుంది. ఏదీ ముట్టుకోవద్దు. లైట్లు వెయ్యమని ఎవరు అరిచినా వెయ్యొద్దు. నేను నీ వెనకే ఉంటాను." ఆ కుర్రాడు దాన్ని జేబులో పెట్టుకుని, 8వ నిమిషంలో తీసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

మనవాళ్ళకి ఎలా చెప్పాలి

వీడియో అంటే మన దగ్గర పెళ్ళి వీడియో, లేదంటే సినిమా. "ఇందులో కథేటి? హీరో ఎవరు?" అని అడిగితే తప్పు లేదు, అడిగేవాళ్ళని చిన్నబుచ్చకండి. వీడియో వెయ్యడానికి ముందు నాలుగు నిమిషాలు మాట్లాడేందుకు ఒక్కరే ఉండాలి. నేనే మాట్లాడాను, ఇలా చెప్పాను.

మన తాతలు తోలుబొమ్మలాట చూశారు. రాత్రంతా చీకట్లో చాపల మీద కూర్చుని, తెల్లగుడ్డ మీద వెలుగులో కదిలే రంగుబొమ్మల్ని చూశారు. వెలుగుని తెర మీద ఆడించడం మనకి కొత్త కాదు. ముంబయిలో నళినీ మలానీ గారని ఒక పెద్ద కళాకారిణి ఉన్నారు, 1946లో కరాచీలో పుట్టి, దేశవిభజనతో ఇటొచ్చిన కుటుంబం. ఆవిడ పారదర్శకమైన పెద్ద గొట్టాల మీద బొమ్మలేసి, వాటిని తిప్పుతూ, వాటిలోంచి వెలుగునీ వీడియోనీ పోనిస్తారు, గదినిండా నీడలు తిరుగుతాయి. 2023లో ఆవిడకి జపాను వాళ్ళ క్యోటో ప్రైజు వచ్చింది. ఈ కళకి ఆద్యుల్లో ఒకరైన నామ్ జూన్ పైక్ గారు కొరియాలో పుట్టారు. 1963లో జర్మనీలోని వుప్పర్టాల్‌లో టీవీ పెట్టెల్నే కళావస్తువులుగా పెట్టి ప్రదర్శన చేశారు. 1974లో ఒక బుద్ధ విగ్రహాన్ని టీవీ ముందు కూర్చోబెట్టి, టీవీ వెనక కెమెరా పెట్టారు. బుద్ధుడు టీవీలో తననే చూసుకుంటూ కూర్చుంటాడు, అంతే. పాత బౌద్ధారామాలున్న శాలిహుండం, రామతీర్థం కొండలెక్కినవాళ్ళం మనం, ఆ బొమ్మ మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంక ఓపిక. బిల్ వయోలా అనే అమెరికా కళాకారుడు 45 సెకన్లలో అయిపోయిన ముగ్గురు ఆడవాళ్ళ కలయికని 10 నిమిషాలకి సాగదీసి చూపించారు. నెమ్మదిగా చూస్తే ముఖంలో ఏం మారుతోందో కనపడుతుంది. మన సిరిమానూ అంతే కదా. చదురుగుడి నుంచి కోటదాకా మూడుసార్లు వెళ్ళొచ్చే ఆ మానుని చూడటానికి ఎండలో గంటలు నిలబడతాం. "పరిగెత్తించండి" అని ఎవరూ అనరు. ఈ 21 నిమిషాలూ అలా చూడండి.

ఇంతే చెప్పి దిగిపోయాను. 40 సెకన్ల నలుపు గురించి చెప్పలేదు. అది ముందే చెప్తే దాని బలం పోతుంది, ఆ విషయం ఆపరేటరుకి మాత్రమే తెలియాలి.

కళాకారిణికి ఇవ్వాల్సినవి

సన్మానం చేస్తున్నాం కదా అని ఆవిడకి ఇవ్వాల్సిన డబ్బు ఎగ్గొట్టకూడదు. రానూపోనూ రైలు టికెట్టు, ఉండడానికి గది, వీడియో ప్రదర్శించినందుకు రుసుము. రుసుము ఎంతో ఆవిడనే అడగండి. మా అమ్మాయి వద్దంది. అయినా కవరు ఇచ్చాం, బడి పద్ధతి అది.

వీడియో కళాకారులు ఒక వీడియోకి లెక్కగా మూడో ఐదో ప్రతులు మాత్రమే అమ్ముతారు. అందుకని మన ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ మిగిలిపోయినా, ఎవరైనా ఫోనులో తీసి వాట్సాప్‌లో పంపినా, ఆవిడ బతుకుతెరువు మీద కొట్టినట్టే. ఏ రోజు, ఎన్నిసార్లు, ఎక్కడ వేస్తామో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అయిపోయాక ఫైలు ఆవిడ ఎదురుగానే చెరిపెయ్యండి.

వీడియోలో కనపడే మనిషిని పిలవడం మరిచిపోకండి. మొదటిసారి మేం వాళ్ళమ్మని పిలవలేదు, అది కూడా నా తప్పే. ఈసారి పలాసలో రైలెక్కించి తీసుకొచ్చాం. మధ్యాహ్నం పరీక్షగా వేస్తున్నప్పుడే చూపించాం, అందరి ముందూ మొదటిసారి చూస్తే కంగారు పడుతుందని. గోడంత చేతుల్ని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన చేతులు వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుని, "ఈ సేతులు నాయేనేటి?" అంది.

శాలువా వద్దన్నా ఏదో ఒకటి ఇవ్వాలని మనసు ఊరుకోదు. మెరిసే పాలిస్టరు శాలువా బదులు పొందూరు ఖద్దరు ఉత్తరీయం ఇచ్చాం. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడపన్నుతో పత్తి ఏకుతారు. చేతిపని మీద వీడియో తీసిన పిల్లకి అది తెలుసు, గుడ్డ వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. గాజు షీల్డు బదులు చిన్న బుడితి ఇత్తడి చెంబు. వాళ్ళమ్మకీ అదే ఉత్తరీయం, అదే చెంబు. సన్మానపత్రంలో "కళామతల్లి ముద్దుబిడ్డ" లాంటి మాటలు పెట్టలేదు. వీడియోలో ఏం చూశామో ఎనిమిది వాక్యాల్లో రాసి, తొమ్మిదో తరగతి పిల్ల చేత చదివించాం.

సభ వరస

వీడియో ముందు, మనుషులు తర్వాత. ఇది మార్చకండి. జ్యోతి ప్రజ్వలన బయట వరండాలోనే చేసేసి లోపలికి రండి. అతిథులకి వారం ముందే ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి: "అయ్యా, ఆరున్నరకి తలుపులు మూస్తామండి, ఆ తర్వాత తెరిస్తే వెలుతురు పడి బొమ్మ పోతుంది. తమరు ఆరుంబావుకల్లా దయచేస్తే మాకు పండగ." ఇలా చెప్తే పెద్దవాళ్ళు అర్థం చేసుకున్నారు. ఒకరు ఆలస్యంగా వచ్చి వరండాలోనే 20 నిమిషాలు కూర్చున్నారు, ఏమీ అనుకోలేదు. ఉపన్యాసాలు రెండు, ఒక్కోటీ మూడు నిమిషాలు. ఫలహారం సభ అయ్యాక, లోపల వద్దు. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

వీడియో అవగానే లైట్లు వెయ్యకండి. ఒక నిమిషం చీకట్లోనే ఉండనిచ్చి, వెనక ఒక్క పసుపు బల్బు వెయ్యండి. మొదటి ప్రశ్నలు పిల్లలవి. పెద్దవాళ్ళకి ముందు మైకు ఇస్తే ప్రశ్న రాదు, ఉపన్యాసం వస్తుంది. ఒక ఏడో తరగతి గుంట అడిగింది: "అక్కా, సీకట్లో మీ అమ్మ ఏలికి దెబ్బ తగల్లేదా?" సమాధానం వాళ్ళమ్మే చెప్పింది, ముందు వరసలోంచి, మైకు లేకుండా: "కర్రకి తెల్సు, ఏలెక్కడుందో."

డబ్బు అడగడం

ఇక్కడ నా పట్టుదల ఒకటుంది. స్కాలర్‌షిప్పు కావాల్సిన పిల్లల్ని వేదిక ఎక్కించి, వాళ్ళ ఇంటి లేమి వాళ్ళ నోటితో చెప్పించకండి. రేపు ఆ పిల్ల ఇదే ఊళ్ళో తలెత్తుకు తిరగాలి. బల్ల మీద వాళ్ళ బొమ్మల పుస్తకాలు పెట్టండి, పేర్లు లేకుండా, తిరగేసి చూసుకోమనండి. నాగావళి ఇసుకలోని పుచ్చపాదుల్ని బొమ్మగా గీసిన పిల్ల పుస్తకం ముందు మనుషులు ఆగిపోయారు.

అడిగేటప్పుడు ఈ ఊరు ఇంతకుముందు ఏం చేసిందో గుర్తు చేశాను. 1919లో మొదలైన మన సంగీత కళాశాలలో చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల గారు ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తుకుని తిన్నారు. ఇంటింటా ఒక ముద్ద పెట్టి ఈ ఊరు ఆయన్ని చదివించింది. ఇప్పుడు ఆ ముద్ద హాస్టలు ఫీజు అయింది, రంగులు అయింది, ప్రవేశపరీక్షకి రైలు ఛార్జీ అయింది.

మొత్తం ఇంత కావాలని ఒక పెద్ద అంకె చెప్తే ఎవరికీ పట్టదు. విడగొట్టి రాయండి. మేం ఒక చార్టు మీద, ఒక పిల్లకి ఒక ఏడాదికి కావాల్సినవి వరసగా రాశాం: కాలేజీ ఫీజు, హాస్టలు, మెస్సు, కాగితాలూ రంగులూ, రానూపోనూ రైలు, దరఖాస్తు రుసుములు. ప్రతి దాని పక్కనా ధర. "ఈ ఏడాది రంగులు నావి" అని ఒక కిరాణా కొట్టాయన ముందుగా అన్నారు. ఆ తర్వాత వరస కట్టారు. సభ ఖర్చు మాత్రం ఇందులోంచి తియ్యకండి. హాలు, పరదాలు, టికెట్లు వేరే ఇద్దరు ముగ్గురు పెద్దలు భరించేలా ముందే మాట తీసుకోండి. "మీరిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకే" అని మైకులో చెప్పగలగాలి, అది నిజమవ్వాలి.

రసీదు పుస్తకంలో నంబర్లు ముందే వేసి ఉండాలి. క్యూఆర్ కోడు సంస్థ ఖాతాదే అయ్యుండాలి, ఎవరి సొంత ఫోనుదీ కాకూడదు. మీ సొసైటీకో ట్రస్టుకో విరాళాల మీద పన్ను మినహాయింపుకి ఆదాయపన్ను శాఖ ఆమోదం (80జి అని పిలిచేది) ఉంటేనే పన్ను మినహాయింపు మాట ఎత్తండి. ఉన్నా, నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అసలు రాదు. ఇది ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే బడిని అనుమానిస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు పంపుతామంటే ఇంకా జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళైతే, మనవాళ్ళే అయినా, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా తీసుకోకూడదు. మేం ఒకరిది అలా తిరిగి పంపాం. నొచ్చుకున్నారు గానీ, ఫోన్ చేసి వివరంగా చెప్పాక సర్దుకున్నారు.

ఆ రాత్రి 9వ నిమిషం సంగతి చెప్పాలి. తెర నల్లబడింది. గదిలో 80 మంది. ఎవరూ కదల్లేదు, ఎవరూ లైటు వెయ్యమనలేదు. టక్, టక్. నేను ఆపరేటరు వెనక నిలబడి ఉన్నాను, నా చేతులు వణుకుతున్నాయి. ముందు చాప మీద ఒక చిన్నపిల్ల భయపడి కదిలినట్టుంది. చీకట్లోంచి వాళ్ళమ్మ గొంతు మెల్లిగా వినపడింది: "బయపడకు గుంటా, కరెంటు వొచ్చెస్తాది." తర్వాత సెల్‌ఫోను వెలుగులో ఆ చేతులు గోడ మీదకి వచ్చాయి. ఆ ఏడాది ముగ్గురు పిల్లలకి సరిపడా డబ్బు వచ్చింది. ఇద్దరు విశాఖపట్నం వెళ్ళారు, ఒకమ్మాయి హైదరాబాదు వెళ్ళింది.

మర్నాటి పనులు తేలికే. ఫైలు చెరిపెయ్యడం, వాళ్ళమ్మనీ అమ్మాయినీ రైలెక్కించడం. నెలలోపు జమాఖర్చు రాసి బడి గోడకి అతికించండి, ఎవరెంతిచ్చారో, ఏ పిల్లకి ఏ రోజు ఎంత కట్టామో, ఫీజు రసీదుల నకళ్ళతో సహా. మేం ఈసారి నల్లగుడ్డలు అద్దెకి కాకుండా కొనేశాం. తీసేటప్పుడు ఒక్కో గుడ్డ మూల మీద కిటికీ నంబరు తెల్లదారంతో కుట్టించి, వేపాకు వేసి ట్రంకుపెట్టెలో పెట్టాం. పిన్నీసుల డబ్బా కూడా అందులోనే వేశాం.